గేటు దాటని గ్రాంటు

ఒడిశాలోని గంజాం జిల్లా బరంపురంలోనూ ఊరి చుట్టూ చదువుల కొలువులకు కొదవ లేదు. భంజవిహార్‌లో 1967లో మొదలైన బరంపురం విశ్వవిద్యాలయం ఉంది. పర్లాకిమిడి మహారాజు కృష్ణచంద్ర గజపతి పేరున 1962లో ఏర్పడిన ఎంకేసీజీ వైద్య కళాశాల ఉంది. పలూరు కొండల దగ్గర నిస్ట్ ఇంజినీరింగ్ సంస్థ, సీతలపల్లిలో పర్లా మహారాజా ఇంజినీరింగ్ కళాశాల ఉన్నాయి. 2016లో కేంద్ర విజ్ఞాన విద్యా పరిశోధన సంస్థ ఐసర్ వచ్చింది. సొంత ప్రాంగణం సిద్ధమయ్యేదాకా ఐసర్ తరగతులు ఊళ్లోని ప్రభుత్వ ఐటీఐ ఆవరణలోనే జరిగాయి.

వీటిలో చదివే పిల్లలు ఒకే బజారులో తిరుగుతారు, ఒకే స్టేషన్‌లో రైలెక్కుతారు. కానీ నాలుగు సంస్థల నుంచి నలుగురు కలిసి ఒక పని తలపెడితే, దానికి కావాల్సిన యాభై వేల రూపాయలు ఎవరిని అడగాలో వాళ్లకు తెలియదు. దేశంలో విద్యార్థుల ప్రాజెక్టులకు డబ్బు లేకపోలేదు. ఆ డబ్బులో ఎక్కువ భాగం ఒక్కో సంస్థ గేటు లోపలే ఆగిపోతుంది.

ఇది ఎంత పెద్ద లోటో అర్థం కావాలంటే రుషికుల్య నది సముద్రంలో కలిసే చోటికి వెళ్లాలి. సాధారణంగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు అక్కడి ఇసుక తిన్నెల మీదికి గుడ్లు పెట్టడానికి గుంపులుగా వస్తాయి. 2025లో దాదాపు 7 లక్షల తాబేళ్లు వచ్చాయని లెక్క. పురుణాబంధ, గోఖరకుద, పొడంపేట వంటి పల్లెల జనం వాటిని కాపాడుతున్నారు. ఈ తీరంలోని మత్స్యకార కుటుంబాల్లో చాలామంది ఇంట్లో మాట్లాడేది తెలుగే. తీరం కూడా నిలకడగా లేదు. సముద్రపు కోతకు పొడంపేట పాత ఊరు చాలావరకు ఖాళీ అయింది.

ఒక గూడు క్షేమంగా పిల్లలను ఇవ్వాలంటే ఎన్ని సంగతులు కుదరాలో చూడండి. ఇసుక ఎంత వెచ్చగా ఉందన్నదాన్ని బట్టి పుట్టేవి ఆడవా మగవా అన్నది తేలుతుంది. వేడి పెరిగితే ఆడవి ఎక్కువవుతాయి. ఒడ్డున దీపాలుంటే పిల్లలు దారి తప్పి సముద్రానికి బదులు ఊరివైపు పాకుతాయి. కెరటాల కోత పెరిగితే గూళ్లే కొట్టుకుపోతాయి. జీవశాస్త్రం చదివేవారు గూళ్లను పరిశీలించగలరు. సముద్ర శాస్త్ర విద్యార్థులు తీరం కదలికను కొలవగలరు. ఇసుకలో పాతిపెట్టే చవకైన ఉష్ణోగ్రత సెన్సర్లను ఇంజినీరింగ్, ఐటీఐ పిల్లలు తయారు చేయగలరు. 2020లో కోవిడ్ వేళ అతినీలలోహిత కాంతితో గదులను శుభ్రపరిచే రోబోను తయారు చేసింది బరంపురం ఐటీఐయే. పాత ఇనుప సామానుతో అక్కడి విద్యార్థులు చేసిన శిల్పాలకు దేశమంతటా పేరొచ్చింది. ఇక మత్స్యకారుల అనుభవాన్ని వాళ్ల భాషలోనే అడిగి రాసుకోవడానికి తెలుగు వచ్చిన విద్యార్థి ఒకరైనా ఉండాలి. ఈ పనులన్నీ చేయగల వాళ్లు ఒక్క కాలేజీలో దొరకరు.

మరి ఇప్పుడున్న పథకాలు ఏమంటున్నాయి? 2017లో మొదలైన స్మార్ట్ ఇండియా హ్యాకథాన్ విద్యార్థులకు బాగా తెలిసిన వేదిక. జట్టుకు ఆరుగురు, వారిలో కనీసం ఒక అమ్మాయి, గెలిస్తే నగదు బహుమతి. వేర్వేరు బ్రాంచిల వాళ్లు కలిస్తే మంచిదంటారు గానీ, ఆరుగురూ ఒకే కాలేజీ వాళ్లై ఉండాలన్నది నిబంధన. సైన్స్ డిగ్రీ చదివేవారికి కేంద్రం ఇచ్చే ఇన్‌స్పైర్ స్కాలర్‌షిప్ ఏడాదికి 80,000 రూపాయలు. అందులో 20,000 వేసవి పరిశోధన ప్రాజెక్టు కోసమే. అయితే అది ఒక్క విద్యార్థికిచ్చేది, జట్టుకిచ్చేది కాదు. 1969లో 37 విశ్వవిద్యాలయాల్లో మొదలైన జాతీయ సేవా పథకం (ఎన్ఎస్ఎస్) కూడా కళాశాల యూనిట్ల లెక్కనే నడుస్తుంది. అనుసంధాన్ జాతీయ పరిశోధన ఫౌండేషన్ 'పెయిర్' పథకం కింద ఒక పెద్ద సంస్థకు కొన్ని విశ్వవిద్యాలయాలను జతచేసి నిధులిస్తోంది. సంస్థలను కలిపే మంచి ప్రయత్నమే అయినా, అక్కడ ప్రాజెక్టు నడిపేది అధ్యాపకులు.

డబ్బు ఇలా సంస్థ గేటు దాటకపోవడం వెనక కారణం లేకపోలేదు. ప్రభుత్వ గ్రాంటు తీసుకున్న సంస్థ ఖర్చంతా చూపి యుటిలైజేషన్ సర్టిఫికెట్ ఇవ్వాలి. దాని మీద బాధ్యతగల అధికారి సంతకం ఉండాలి. విద్యార్థి రెండేళ్లకో మూడేళ్లకో చదువు ముగించుకొని వెళ్లిపోతాడు. కొన్న పరికరం ఎవరి స్టాక్ రిజిస్టర్‌లో ఉండాలి? రెండు సంస్థలు కలిసి ఖర్చు పెడితే ఆడిటర్‌కు జవాబు ఎవరు చెప్పాలి? జవాబు లేని ఈ ప్రశ్నలకు భయపడి ఫైళ్లు కదలవు. కదిలినా, ముందు పిల్లలు తమ జేబులోంచి ఖర్చు పెట్టి, తర్వాత బిల్లులు పెట్టుకోవాలి. ఆ స్తోమత లేని విద్యార్థి మొదటి అడుగులోనే తప్పుకుంటాడు.

సంస్థలను కలిపే ప్రయోగం బరంపురానికి కొత్త కాదు. ఖల్లికోట కళాశాలను ముందు నిలిపి, చుట్టుపక్కల కాలేజీలను జతచేసి 2015లో క్లస్టర్ విశ్వవిద్యాలయం పెట్టారు. ఇలాంటి క్లస్టర్‌కు, ఉన్నత విద్యకు కేంద్రం నిధులిచ్చే రూసా పథకంలో 55 కోట్ల రూపాయల కేటాయింపు ఉండేది. ఆ ఏర్పాటు నిలవలేదు. క్లస్టర్‌ను బరంపురం విశ్వవిద్యాలయంలో కలిపారు, ఆ తర్వాత ఖల్లికోట మళ్లీ విడిగా విశ్వవిద్యాలయమైంది. పరిపాలనను కలపడం ఎంత కష్టమో ఈ కథ చెబుతుంది. అయితే పిల్లలు కలిసి పనిచేయడానికి విశ్వవిద్యాలయాలు విలీనం కానక్కర్లేదు. ఒక చిన్న ఉమ్మడి నిధి, దానికి ఒక ఉమ్మడి కమిటీ ఉంటే చాలు.

ఎల్లలు దాటి చదువుకు డబ్బివ్వడం ఈ ప్రాంతపు పాత సంప్రదాయం. 1893లో ఖల్లికోట రాజు ఇచ్చిన లక్ష రూపాయల విరాళంతోనే ఆ కళాశాలకు ఆయన సంస్థానం పేరొచ్చింది. ఒడిశాలోని జయపురం మహారాజు విక్రమదేవ వర్మ విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలు ఇచ్చారు. అక్కడి సైన్స్, టెక్నాలజీ కళాశాలకు ఆయన పేరే పెట్టారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. రాష్ట్రాలు వేరైనా తుపాన్లు మాత్రం ఉమ్మడిగానే వస్తున్నాయి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటి శ్రీకాకుళాన్ని, గంజాంను, గజపతి జిల్లాను ఒకే రోజు దెబ్బతీసింది. అందుకే శ్రీకాకుళం జిల్లా ఎచ్చెర్లలోని అంబేద్కర్ విశ్వవిద్యాలయం, విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయం ఇలాంటి జట్లలో చేరాల్సినవే.

యూరప్‌లో ఈ దిశగా ఒక దారి వేశారు. యూరోపియన్ యూనియన్ 2019లో తొలి విడతగా 17 విశ్వవిద్యాలయ కూటములను ఎంపిక చేసింది. ప్రాగ్, హైడెల్‌బర్గ్, పారిస్, వార్సా, మిలాన్, కోపెన్‌హేగన్ విశ్వవిద్యాలయాలు కలిసిన 4ఈయూ ప్లస్ వాటిలో ఒకటి. ఇలాంటి కూటముల్లో కొన్ని విద్యార్థులే నడిపే ప్రాజెక్టులకు చిన్న గ్రాంట్లిస్తున్నాయి. జట్టులో ఒకటికి మించిన విశ్వవిద్యాలయాల వాళ్లు ఉండాలన్నదే అక్కడ షరతు. మన హ్యాకథాన్ నిబంధనకు ఇది పూర్తిగా ఎదురు.

గంజాంలో ఇలాంటి నిధి పెడితే కొన్ని జాగ్రత్తలు తప్పవు. జట్టులో కనీసం రెండు సంస్థల విద్యార్థులుండాలి, వాటిలో ఒకటి ఐటీఐయో పాలిటెక్నికో అయితే మరీ మంచిది. లెక్కలు ఒకే సంస్థ చూడాలి, ఆ బాధ్యత ఏటా చేతులు మారాలి. రైలు చార్జీలు, భోజనం, పరికరాల ఖర్చు ముందుగానే అడ్వాన్సుగా ఇవ్వాలి. పనికి తగ్గ క్రెడిట్లు ప్రతి విద్యార్థికీ తన సంస్థలో దక్కాలి. 2021లో వచ్చిన అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ అందుకు వీలు కల్పిస్తోంది.

అన్నిటికన్నా ముందు క్యాలెండర్ మారాలి. రుషికుల్య తాబేళ్లు ఫిబ్రవరి, మార్చిల్లో గుడ్లు పెడతాయి. పిల్లలు బయటికి రావడానికి మరో ఆరేడు వారాలు పడుతుంది. ఆర్థిక సంవత్సరం మార్చి 31తో ముగుస్తుంది, అంటే పరిశీలన సగంలో ఉండగా ఖాతా మూసేయాల్సి వస్తుంది. దరఖాస్తులు జులైలో పిలిచి, సెప్టెంబరుకల్లా డబ్బు చేతికిచ్చి, మే నెలాఖరు దాకా ఖర్చు చేసే వీలు కల్పిస్తేనే సెన్సర్లు తాబేళ్ల కన్నా ముందు ఇసుకలోకి చేరతాయి.