సంకేతం ఒకటే.. వేరులో ఒక తీరు, ఆకులో మరో తీరు
బెట్టను వేరుశనగ తట్టుకునే గుట్టు కణపొరల్లోనే!

అనంతపురం: వాన ముఖం చాటేసి రెండు వారాలు దాటితే చాలు, ఎర్రనేలల్లోని వేరుశనగ మధ్యాహ్నానికల్లా ఆకులు ముడుచుకుంటుంది. పొద్దువాలి చల్లబడగానే తిరిగి విప్పుకొంటుంది. పైరు చేజారుతోందని రైతు కలవరపడే ఆ ఘడియల్లో మొక్క లోపల నీటి పొదుపునకు పెద్ద కసరత్తే సాగుతుంటుంది. ఏటా సగటున 550 మిల్లీమీటర్లకు అటూఇటుగా మాత్రమే వాన కురిసే ఈ గడ్డపై, పంట చేతికందేదీ లేనిదీ చాలావరకు ఆ కసరత్తుపైనే ఆధారపడి ఉంటుంది.

పొరలో నీటి దారులు
ప్రతి కణం చుట్టూ కొవ్వు పదార్థంతో కూడిన పలుచని పొర ఉంటుంది. నీరు దానిని వేగంగా దాటాలంటే పొరలో ఇమిడి ఉండే ‘ఆక్వాపోరిన్’ ప్రొటీన్లే దారి. అమెరికా శాస్త్రవేత్త పీటర్ ఆగ్రే 1992లో ఎర్ర రక్తకణాల ప్రొటీనుపై ఈ సంగతిని నిరూపించి, 2003లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతిని పంచుకున్నారు. ఎర్ర రక్తకణంలో ఈ దారి ఎల్లవేళలా తెరిచే ఉంటుంది. మూత్రపిండంలోని కొన్ని కణాల్లో మాత్రం అదే కుటుంబానికి చెందిన మరో ప్రొటీను కణం లోపల దాగి ఉండి, శరీరంలో నీరు తగ్గిందని హార్మోను కబురు అందిన తరువాతే పొర మీదికి చేరుతుంది.

కణాన్ని బట్టి అర్థం
మొక్కల్లోనూ ఇదే తీరు. నేలలో తేమ తగ్గగానే మొక్కలో అబ్‌సిసిక్ ఆమ్లం అనే హార్మోను పెరుగుతుంది. ఈ సంకేతం అందాక వేరు కణాలు నీటిని మరింత సులువుగా లోనికి రానిస్తాయని పలు పరిశోధనలు తెలిపాయి. ఆకు ఈనెలను చుట్టి ఉండే కణాల్లో అదే సంకేతం నీటి ప్రవాహాన్ని తగ్గిస్తుంది. పత్రరంధ్రాలకు ఇరువైపులా ఉండే రక్షక కణాల్లోనైతే లవణాలను, వాటి వెంట నీటిని బయటికి పంపిస్తుంది. దీంతో కణాలు మెత్తబడి రంధ్రం మూసుకుంటుంది.

ఈ తేడాకు కారణం ప్రొటీను పక్కన ఉండే తోడు. రక్షక కణాల్లో ఓఎస్‌టీ-1 అనే ప్రొటీను, పొరలోని స్లాక్-1 ద్వారాన్ని తెరిపిస్తుందని 2009లో తేలింది. అదే ఓఎస్‌టీ-1 అక్కడి ఆక్వాపోరిన్‌నూ ప్రేరేపిస్తుందని 2015లో వెల్లడైంది. ఈ వివరాలు ప్రధానంగా ఆవాల కుటుంబానికి చెందిన అరబిడాప్సిస్ మొక్కపై లభించినవే. ఏ ప్రొటీను ఏ కణంలో ఎంత అన్నది పంటను బట్టి, రకాన్ని బట్టి మారుతుంది.

మొక్క బతికినా కాయ నిండదు
పత్రరంధ్రాలు మూసుకుంటే నీరు మిగులుతుంది. అయితే కార్బన్ డయాక్సైడు లోనికి రాక ఆహార తయారీ కుంటుపడుతుంది. అందుకే బెట్టలో పచ్చగా నిలిచిన పైరు సైతం కోతనాటికి తాలుకాయలే మిగల్చవచ్చు. ఊడలు దిగేవేళ పైపొర గట్టిపడితే అవి నేలలోకి చొరబడలేవు. కాయకు కావలసిన కాల్షియం చుట్టూ ఉన్న మట్టి నుంచే నేరుగా అందాలి గనుక, అక్కడ తేమ లేకుంటే గింజ కట్టదు. ఈ లోటును ఏ ప్రొటీనూ పూడ్చలేదు.

రైతుకు ఏమిటి?
బెట్టను తట్టుకునే గుణం ఒక్క ప్రొటీనుతో వచ్చేది కాదని దీనినిబట్టి స్పష్టమవుతోంది. వేరు, ఆకు, కాయ.. మూడింటి తీరునూ పొలంలో పరీక్షించాకే ఒక రకం మేలైనదని తేల్చాలి. 2022 నుంచి శ్రీసత్యసాయి జిల్లాలో భాగమైన కదిరిలోని వ్యవసాయ పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన కదిరి-6, కదిరి లేపాక్షి వంటి రకాలు రైతులకు పరిచితమే. మేలైన రకానికి తోడు వాలుకు అడ్డంగా దుక్కి, పొలంలో నీటికుంట, ఊడలు దిగే దశలో వీలైతే ఒక్క రక్షక తడి ఉంటే మొక్క చేసుకున్న పొదుపు కాయగా మారే అవకాశం పెరుగుతుంది.