తోక ఊపిన ట్రైలర్

ఇంజన్ పాడై, ఫీనిక్స్‌లో మా పెరటి మూలన పడున్న సుజుకీ సామురాయ్‌ని తుక్కుకి అమ్మబుద్ధి కాలేదు. మన మారుతీ జిప్సీకి దగ్గర చుట్టం కదా! ముందు సగం కోయించేసి, వెనక సగాన్ని క్యాంపింగ్ ట్రైలర్‌గా మార్చాను. నిచ్చెనలాంటి విడి ఛాసిస్ ఉండటంతో, కారుకి తగిలించే కడ్డీ వెల్డింగ్ చేయించడం తేలికైంది. డ్రైవ్ షాఫ్ట్ తీసేసినా డిఫరెన్షియల్‌లో ఆయిల్ మాత్రం ఉంచాలి; చక్రాలతోపాటు లోపలి పళ్ళచక్రాలూ తిరుగుతాయి మరి.

తీసుకోవడానికి వీలుగా ఉంటాయని నీళ్ళ డబ్బాలు, పొయ్యి అన్నీ వెనక తలుపు దగ్గరే సర్దాను. ఫ్లాగ్‌స్టాఫ్ దారిలో దిగుడు రాగానే ట్రైలర్ తోక ఊపడం మొదలెట్టింది. కారులో మా ఆవిడ, పాప. బ్రేకు తొక్కకుండా, స్టీరింగ్ తిన్నగా పట్టుకుని యాక్సిలరేటర్ వదిలేశాను. మెల్లగా సర్దుకుంది. పక్కన ఆపి, డబ్బాలు ముందుకి జరిపి, నెమ్మదిగా ఇల్లు చేరాం.

తప్పు నాదే. ట్రైలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం కారు కొక్కెం మీద పడాలి. అంటే 1,200 పౌండ్లకి 120 నుంచి 180. ఇంటి దగ్గర మళ్ళీ మొదటిలాగే సర్ది, ట్రైలర్ ముక్కు కింద బాత్‌రూమ్ కాటా పెడితే 40 పౌండ్లు కూడా లేదు! డబ్బాలు ఇరుసుకి ముందు పెట్టాక 150 చూపించింది.

మీరూ ఇలాంటిది తలపెడితే, రంగు కొనేముందు కాటా కొనండి.