రంగము నుండి వచ్చిన పిల్లలు

గౌతమీ నది సముద్రమున కలియు చోటికి చేరువలో కోరంగి యను గ్రామము కలదు. నేడచ్చటికి పోవువారు మడ అడవిని చూడబోవుదురు. ఒకప్పుడది ఓడలు కట్టిన రేవు. 1789లోను, 1839లోను వచ్చిన ఉప్పెనలు దానిని ముంచినవి. నది తెచ్చిన మేట మిగిలినదానిని పూడ్చినది. వర్తకము కాకినాడకు తరలిపోయెను. ఊరు చితికినను పేరు మాత్రము సముద్రము దాటి బ్రతికినది. బర్మాలోను, మారిషస్ ద్వీపములోను తెలుగువారిని ‘కోరంగీలు’ అని పిలిచిరి. శ్రీకాకుళము వాడును కోరంగియే, విశాఖపట్టణము వాడును కోరంగియే. బర్మాలో ఆ పిలుపున గౌరవము పాలు తక్కువ.

1852వ సంవత్సరము మన విద్యార్థులకు ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన యేడుగా తెలియును. ఆ యేడే ఇంగ్లీషువారు రంగూనును, దిగువ బర్మాను పట్టుకొనిరి. ఇక్కడ గోదావరి డెల్టాకు నీరు పారుచుండగా అక్కడ ఐరావతి డెల్టాలో అడవి నరకి వరి వేయుట మొదలయ్యెను. ఆ బియ్యమును మిల్లులలో ఆడించుటకు, ఓడలకెత్తుటకు చేతులు కావలసివచ్చెను. అన్నపూర్ణయని పేరొందిన సీమనుండి జనము కూలికై సముద్రము దాటుటయేమని సందేహము కలుగవచ్చును. నీరు వచ్చినది పొలమునకు. పొలము లేనివానికి మిగిలినది కోతలనాటి కూలి మాత్రమే. మేస్త్రీ వచ్చి బయానా చేత పెట్టును, ఓడ ఖర్చు తానే కట్టును. ఆ అప్పు తీరువరకు వాడు మేస్త్రీ మనిషి. పల్లెలో దీనికి ‘రంగము పోవుట’ అని పేరు. రంగూనును మనవారు రంగమనిరి.

కాకినాడ, విశాఖపట్టణము, భీమునిపట్టణము రేవులలో పొగయోడ యెక్కి, పైతట్టుపై మూటల నడుమ కూర్చుండి కొలది దినములలో రంగూను చేరెడివారు. 1931 జనాభా లెక్కలనాటికి ఆ నగరములో సగమునకు మించి భారతీయులే. బర్మా మొత్తములో తెలుగువారు సుమారు లక్షన్నర. రేవు కూలీలు, మిల్లు కూలీలు, రిక్షా లాగువారు, వీధులూడ్చువారు వారిలో పెక్కురు. అయితే ఆ లక్షన్నరలో స్త్రీలు బహు కొద్ది. ఇరుకు బసలలో పురుషులు వరుసగా పండుకొనెడివారు. భార్యా బిడ్డలను తెచ్చుకొనుటకు చోటును లేదు, సొమ్మును లేదు. బిడ్డ ఇక్కడనే తల్లియొద్ద పెరిగెను. అట్టి ఇండ్లలో తండ్రియనగా మనియార్డరు తెచ్చు తపాలా బంట్రోతు కొరకు ఎదురుచూచుటయే.

గుమాస్తాలు, దుకాణదారులు, నాలుగు డబ్బులు వెనకవేసిన మేస్త్రీలు మాత్రము కుటుంబములను తీసికొనిపోయిరి. కొందరు అచ్చటనే బర్మీయ స్త్రీలను పెండ్లాడిరి. ఈ ఇండ్లలో పుట్టిన పిల్లలకు తెలుగు ఇంటి మాట, బర్మీయము వీధి మాట. తాతగారి ఊరు గోదావరి గట్టున ఉన్నదని వినుటయే గాని వారిలో చాలమంది చూచి యెరుగరు.

వారి కాలిక్రింది నేల 1930లోనే కదలినది. కూలి పెంపునకై తెలుగు రేవు కూలీలు సమ్మె చేయగా కంపెనీలవారు బర్మీయులను పనిలో పెట్టిరి. సమ్మె పరిష్కారము కాగానే వారిని పొమ్మనిరి. ఇద్దరును పేదలే, ఇద్దరి నడుమ మే నెలలో చెలరేగిన దొమ్మీలో వందమందికి పైగా చనిపోయిరి. 1937 ఏప్రిల్ 1న బర్మా భారతదేశమునుండి వేరుచేయబడెను. 1941 డిసెంబరు 23న జపాను విమానములు రంగూనుపై బాంబులు వేసినవి. ఓడలో చోటు దొరికినవారు ఓడ యెక్కిరి. దొరకనివారు, అనగా పేదలు, నడచిరి. టౌంగప్ కనుమ దాటి అక్యాబు వైపు కొందరు, చింద్విన్ నది దాటి మణిపురము వైపు కొందరు, హుకాంగ్ లోయలో వానలకు చిక్కి మరికొందరు. బిడ్డలను భుజములపై మోసిరి. కలరా, మలేరియా, ఆకలి వేలకొలది జనమును దారిలోనే తీసికొనినవి. ఇక్కడి తీరమైనను నిశ్చింతగా ఉన్నదా? 1942 ఏప్రిల్ 6న విశాఖపట్టణముపైన, కాకినాడపైన గూడ బాంబులు పడినవి.

యుద్ధము ముగిసిన తరువాత కొందరు మరల పోయిరి. అలవాటైన కూడు, అలవాటైన వీధి. 1962లో సైనిక ప్రభుత్వము వచ్చెను. 1964లో దుకాణములు జాతీయము చేయబడినవి. 50, 100 క్యాట్ల నోట్లు చెల్లవనిరి. వెళ్ళువారిని నగలు సైతము తీసికొనిపోనీయలేదు. భారత ప్రభుత్వపు టోడలు మద్రాసుకు, విశాఖపట్టణమునకు జనమును తెచ్చినవి. విశాఖలో బర్మా క్యాంపు అను పేట, చెన్నపట్టణములో బర్మా బజారు నాటి గురుతులే.

వారిని మన పత్రికలు ‘బర్మా కాందిశీకులు’ అని వ్రాసినవి. ఈ మాటను కొంచెము విప్పి చూడవలెను. సంస్కృతమున ‘కాం దిశమ్’ అనగా ‘ఏ దిక్కునకు?’ అని. ఏ దిక్కునకు పోవలెనో తెలియక పరుగెత్తువాడు కాందిశీకుడు. ప్రభుత్వము వాడిన మాట వేరు: స్వదేశమునకు తిరిగివచ్చినవారు. తండ్రి విషయములో ఆ మాట నిజమే, ఆయన తిరిగియే వచ్చెను. రంగూనులో పుట్టి, అచ్చటి బడిలో బర్మీయ లిపిని దిద్దిన పదేండ్ల బాలుడు ఎక్కడికి తిరిగివచ్చినట్లు? వాని పాలిట ఇది పరదేశ ప్రయాణమే. తెలుగు మాటలాడ నేర్చినవాడే కాని, అక్షరములు మరల ఓనమాలనుండి దిద్దవలసినవాడు. కాగితములపై ఇటువంటి బాలునికి ప్రత్యేకముగ పేరేదియు లేదు. ఆ పాత సంస్కృత పదమే వానికి చక్కగా అమరినది.

మారిషస్ కథ మరియొక విధము. 1834 తరువాత ఆ ద్వీపమునకు చెరకు తోటల పనికై పోయినవారు అయిదేండ్ల కట్టుబాటుకు లోబడి, దీర్ఘ ప్రయాణము చేసి పోయిరి. దూరమెక్కువ గనుక రాకపోకలు తక్కువ. పలువురు ఆలుబిడ్డలతో పోయిరి, పోయినవారిలో హెచ్చుమంది అచ్చటనే నిలిచిరి. నేడు వారి మునిమనుమలు ఇంట మాటలాడునది క్రియోలు. అయినను సింహాద్రి అప్పన్న పూజ నిలిచినది. ఉగాది ఆ దేశములో సెలవుదినము. తెలుగు బడిలో నేర్చుకొను విషయము. బర్మా కూలీకి ఊరు చేరువ గనుక బిడ్డనిక్కడ విడిచెను, భాషకు లోటు రాలేదు గాని తండ్రి లేకపోయెను. మారిషస్ కూలీ బిడ్డను వెంట తీసికొనిపోయెను. తండ్రి దక్కెను, మాట జారిపోయెను. ఏది మేలైన బేరమో చెప్పుట కష్టము.

ఇప్పుడు గోదావరి జిల్లాలనుండి రెండు దారులున్నవి. ఇంజనీరు అమెరికాకు పోవునప్పుడు పిల్లలను వెంట తీసికొనిపోవును. అచ్చట 2007లో ఆరంభమైన ‘మనబడి’ వంటి తరగతులలో ఆ పిల్లలు వారమున కొకనాడు తెలుగు దిద్దుదురు. కోనసీమనుండి కువైటునకు, మస్కటునకు ఇంటిపనికి పోవు స్త్రీ బిడ్డను పుట్టింట విడిచిపోవును. పరాయి ఇంటి పిల్లలకు అన్నము తినిపించి, తన పిల్లవానిని ఫోనులో చూచుకొనును. ఆ పిల్లవాని మార్కుల పత్రముపై సంతకము చేయు చేయి అమ్మమ్మదో, మేనమామదో.