నిలకడలేని బిడ్డ, నిందపడు తల్లి

పిల్లవాడు తరగతిలో కుదురుగా కూర్చుండడు. కూర్చున్నను కాలు ఆడుచునే యుండును, చేయి ప్రక్కవాని పుస్తకముమీదికి పోవుచునే యుండును. ప్రశ్న ముగియకమునుపే బదులు చెప్పును. ఇంటికి వచ్చునప్పుడు పెన్సిలో, నీళ్లసీసాయో, ఒక్కొక్కనాడు సంచియే బడిలో మఱచివచ్చును. ఉపాధ్యాయుడు డైరీలో ఎఱ్ఱసిరాతో వ్రాసిపంపిన ఫిర్యాదును చదివి తండ్రి తల్లివంక చూచును. గారాబముచేసి చెడగొట్టితివని అత్తగారనును. సెల్‌ఫోను చేతికిచ్చిన ఫలమని పొరుగువారందురు. దిష్టియని యొకరు, గ్రహదోషమని మఱియొకరు తాయెత్తు కట్టింతురు. నెల్లూరు పట్టణమందైనను, ఇందుకూరుపేట, అల్లూరు, కోట వంటి తీరప్రాంతపు ఊళ్లయందైనను ఈ కథ ఒకే తీరున నడచును. ఇందఱును తలకొక మాట చెప్పుచున్నవారే. తన బిడ్డకేమైనదో, తాను చేయవలసినదేమో తెలియగోరు తల్లికి మాత్రము ఆ మాటలలో నిందయే తప్ప వేఱేమియు దొరకదు.

ఏటేట మొహరం మాసమున బారాషహీద్ దర్గా చెంత, స్వర్ణాల చెరువులో జరుగు రొట్టెల పండుగనాడు చదువు రొట్టెకొఱకు నీట నిలిచి చేయిచాచు తల్లిదండ్రులను చూచినవారికి ఈ వెదకులాట ఎంత లోతైనదో తెలియును. కోర్కె తీరినవారు తెచ్చిన రొట్టెను కోర్కె గలవారు పుచ్చుకొందురు. తమ కోర్కె తీరిన యేట తామును రొట్టెతో వచ్చి వేఱొకరి చేత నుంతురు. ఏడీహెచ్‌డీ అని వైద్యులు పిలుచు ఈ అవధానలోప చాంచల్య స్థితిగల పిల్లల తల్లిదండ్రుల నడుమ తెలివిడియు నిట్లే చేతులు మారవలెనని నా యభిప్రాయము. ఈ దారిని ముందు నడచిన తల్లి యొకతె, నేడు అడుగిడుచున్న తల్లి ప్రక్కన కూర్చుండి చెప్పు మాటకు గల బలము కరపత్రములకు లేదు. అయితే చేతులు మారునది సత్యమై యుండవలెను గదా. కనుక శాస్త్రము చెప్పునదేమో మొదట చూతము.

ఇది సెల్‌ఫోనులతో పుట్టినది కాదు. 1798లోనే స్కాట్లండు వైద్యుడు అలెగ్జాండర్ క్రైటన్, మనస్సు ఒక్క విషయముమీద నిలువజాలని స్థితినిగూర్చి తన గ్రంథమున వ్రాసియుండెను. 1902లో లండనులోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్‌లో బాలవైద్యుడు జార్జి స్టిల్ ఉపన్యసించుచు, బుద్ధికి లోపము లేకున్నను తమ్ము తాము నిగ్రహించుకొనజాలని పిల్లలను వర్ణించెను. కాని దానికి నైతిక నిగ్రహలోపమని పేరిడెను. నింద ఆనాటి శాస్త్రముననే యుండెనన్నమాట. 1980లో అమెరికా మానసిక వైద్యుల సంఘము అవధానలోపమునకు ప్రాధాన్యమిచ్చి పేరు మార్చెను. 1987లో నేటి పేరు వచ్చెను.

అసలు లోపల జరుగునదేమి? 2007లో అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థకు చెందిన ఫిలిప్ షా, ఆయన సహచరులు పిల్లల మెదళ్లను ఏండ్లతరబడి చిత్రించి పోల్చి చూచిరి. మెదడు పైపొర మందము పరాకాష్ఠ నందుకొను వయస్సు సాధారణ బాలలలో సుమారు ఏడున్నర యేండ్లు కాగా, ఏడీహెచ్‌డీ గలవారిలో పదిన్నర యేండ్లని తేలినది. వికాసక్రమము ఇరువురిలోను ఒక్కటే, ఆలస్యమే భేదము. ఆ యాలస్యము, ఆలోచించి ఆగుటకును, పనిని వరుసగ పేర్చుకొనుటకును ఆధారమైన ముందుభాగమున మిక్కిలి యెక్కువ; అవయవములను కదలించు భాగమో, వీరిలో కొంచెము ముందుగనే పరిపక్వమగుచున్నది. కదలించునది ముందు నడచి, ఆపునది వెనుకబడిన బిడ్డను "కుదురుగా ఉండరా" యని గద్దించి ప్రయోజన మేమి? ఆలస్యమన్నంత మాత్రమున అందఱికిని పెద్దయైనంతనే పోవుననుకొనరాదు. పలువురిలో ఇది యౌవనమునను ఏదో యొక రూపమున నిలిచియుండును.

"వీడియో గేము గంటలకొలది కదలక ఆడునే, చదువునకే వచ్చినదా ఈ జబ్బు?" అని తండ్రులు తఱచుగ నడుగుదురు. ప్రశ్న సహజమైనదే. మెదడులో ప్రతిఫలమును, ఉత్సాహమును నడపు డోపమిన్ అను రసాయనపు వ్యవస్థ ఈ పిల్లలలో భిన్నముగ పనిచేయునని పరిశోధకుల భావన. క్షణక్షణము ఫలమిచ్చు ఆటలో అవధానము తనంత తాను నిలుచును, ఫలము ఎన్నడో వార్షిక పరీక్షనాడు గాని కనబడని ఎక్కములలో నిలువదు. కవలలపై జరిగిన అధ్యయనములు, ఈ స్థితిలో వ్యక్తికిని వ్యక్తికిని గల భేదమున దాదాపు ముప్పాతిక భాగము వంశానుగతమైన కారణముల వలననే యని చెప్పుచున్నవి. "నేనును చిన్ననాట ఇంతే" యని తండ్రి నవ్వుచు పలికిన మాటలో తల్లిమీది అభియోగమునకు సమాధానము దాగియున్నది. పంచదార తినుటవలన చాంచల్యము హెచ్చుననుమాట కూడ నియమబద్ధమైన పరీక్షలలో నిలువలేదు.

దీనిని తేల్చు రక్తపరీక్ష లేదు, స్కానింగు లేదు. అమెరికా మానసిక వైద్యుల సంఘపు 2013 నాటి ప్రమాణముల ప్రకారము అవధానలోపమునకు తొమ్మిది, చాంచల్యమునకు తొమ్మిది లక్షణములుండగా, బాలలలో ఏదేని యొక వర్గమున ఆఱైనను ఆఱు మాసములపాటు కనబడవలెను. కొన్నియైనను పండ్రెండేండ్లకు ముందే మొదలై యుండవలెను. ఇంటను బడిలోను, అనగా కనీసము రెండు తావులలో, అవి ఇక్కట్టు కలిగింపవలెను. ఈ కడపటి నియమము నాకెంతయు విలువైనదిగ తోచును: బడిలో మాత్రమే కల్లోలముండి ఇంట లేకున్నచో, బిడ్డకంటె ముందు ఆ బడిని పరీక్షింపవలసియుండును. వినికిడి, చూపు, నిద్ర, రక్తహీనత, థైరాయిడ్, క్షణకాలము చూపు శూన్యమగు ఒక విధమగు మూర్ఛ, ఇవన్నియు ఏడీహెచ్‌డీని పోలి కనబడవచ్చును. వీనిని ముందు తొలగించుకొనవలెను. తరగతిలో అందఱికంటె చిన్నవయస్సు బిడ్డలకు ఈ ముద్ర ఎక్కువగ పడుచున్నదని పలుదేశముల అధ్యయనములు తెలిపినవి. మూడేండ్లు నిండకమునుపే నర్సరీకి తఱుమువారు దీనిని గమనింపవలెను. కిటికీవంక చూచుచు మౌనముగ కూర్చుండు బాలికయో, ఎవరికిని అడ్డురాదు గావున ఎవరి కంటను పడదు. ప్రపంచమున బాలలలో నూటికి ఐదుగురికి ఈ స్థితి కలదని అంచనా. నలువదిమంది తరగతిలో ఇద్దఱన్నమాట.

ఆఱేండ్లలోపు బిడ్డలకు మందుకంటె ముందు తల్లిదండ్రుల శిక్షణయే చికిత్స. ఒక్కసారికి ఒక్క పని చెప్పుట, దగ్గఱకు పోయి కన్నులలోనికి చూచి చెప్పుట, చేసినవెంటనే మెచ్చుకొనుట, గంట చదువును పది నిమిషముల తునుకలుగ విభజించుట, ఇంటనున్న పెద్దలందఱును ఒకే నియమమును పాటించుట: వినుటకు సులభములు, నడపుట కష్టము, అందుకే నేర్పువారు కావలెను. దెబ్బ ఆనాటికి భయము పుట్టించును గాని, వెనుకబడిన నిగ్రహమును ఒక్కదినమైనను ముందుకు జరుపదు. తెల్లవాఱకమునుపు లేపి రాత్రి పొద్దుపోవువఱకు చదివించు హాస్టలులో చేర్చినచో దారికి వచ్చునను నమ్మకము మన జిల్లాలో బలముగ నున్నది. నిద్ర తగ్గినకొలది ఈ బిడ్డల అవధానము మఱింత చెదరునని నేను మొఱపెట్టి చెప్పుచున్నాను.

పెద్దపిల్లలకు మందు అవసరము కావచ్చును. ఉత్తేజకౌషధము చంచల బాలలను శాంతపఱచునని 1937లో అమెరికాలో చార్లెస్ బ్రాడ్లీ కనుగొనెను. నేడు వాడు మిథైల్‌ఫెనిడేట్ 1944లో తయారైనది. ఆకలి తగ్గుట, నిద్ర ఆలస్యమగుట, కడుపునొప్పి దీనివలన కలుగవచ్చును గావున ఎత్తును బరువును కొలుచుచుండవలెను. మన దేశమున నిది కట్టుదిట్టముగ అమ్మవలసిన మందుల పట్టికయగు షెడ్యూల్ ఎక్స్‌లో చేరినది. చీటీ రెండు ప్రతులుగ నుండవలెను, దుకాణదారుడు ఒకదానిని రెండేండ్లు భద్రపఱుపవలెను. ప్రతి మందుల అంగడిలో దొరకకుండుటకు కారణమిదియే గాని, అది విషమగుట కాదు. ఆటమాక్సిటీన్ వంటి వేఱు తరగతి మందులును కలవు.

ఎచ్చటికి పోవలెను? సికిందరాబాదులో మేధోవైకల్యము గలవారికై యేర్పడిన జాతీయ సంస్థ ఎన్‌ఐఈపీఐడీ పర్యవేక్షణలో నెల్లూరుననే సీఆర్‌సీ యను కేంద్రము దివ్యాంగుల సేవకై నడచుచున్నది, ఏ.సి. సుబ్బారెడ్డి ప్రభుత్వ వైద్యకళాశాల ఆసుపత్రిలో మానసిక వైద్యులను సంప్రదింపవచ్చును. 2022 అక్టోబరు 10న ఆరంభమైన మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి-మానస్‌కు 14416 సంఖ్యపై ఫోనుచేసి తెలుగులోనే మాటాడవచ్చును. బిడ్డల ఆరోగ్యమును పరీక్షించుటకై 2013లో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమపు పట్టికలో ఏడీహెచ్‌డీ యున్నది. కాని దాని వైద్యబృందములు పోవునది అంగన్‌వాడీలకును, ప్రభుత్వ, ఎయిడెడ్ పాఠశాలలకును మాత్రమే. ప్రైవేటు బడిలో చదువు బిడ్డ ఆ కంట పడడు.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టమున ఇరువదియొక్క వైకల్యములు పేర్కొనబడినవి. వానిలో ఏడీహెచ్‌డీ లేదు, నిర్దిష్ట అభ్యసన వైకల్యము కలదు. ఈ పిల్లలలో పలువురికి చదువుట, వ్రాయుట, లెక్కలయందు ఆ వైకల్యమును జతపడియుండును. కావున పరీక్షకు పోయిన తల్లిదండ్రులు దానినిగూడ వేఱుగ పరీక్షింపుడని అడిగితీరవలెను. అది నిర్ధారణమైనచో పరీక్షలలో అదనపు సమయము వంటి సౌకర్యములకు దారి తెఱచుకొనును. అది లేని బిడ్డకు ధ్రువపత్రమను ఆధారము లేదు. ముందుబల్లపై చోటు, పది లెక్కలకు బదులు ఐదు, నడుమ నడుమ నల్లబల్ల తుడుచు పని, ఇవి ఉపాధ్యాయుని అడిగి సంపాదింపవలసినవే. ఒంటరిగ పోయిన తల్లికి ఫిర్యాదు వినుటతోనే సరిపోవును. వైద్యుని చీటీతో, అదే బడిలోని మఱియొక తల్లిని వెంటబెట్టుకొని, తండ్రియు కలిసి పోవలెను.