వీలునామా: చెరొకటి, దేశానికొకటి

మన ఇళ్ళలో వీలునామా మాటెత్తితే "శుభమా అంటూ ఇప్పుడా మాటెందుకు?" అంటారు. "నాకేమైనా అయితే అంతా ఆవిడదేగా" అన్నది ఆ తర్వాతి మాట. అది నిజం కాదు. వీలునామా లేకపోతే ఎవరికెంతో చట్టం చెబుతుంది. ఆ చట్టం ఇక్కడొకటి, ఇండియాలో ఇంకొకటి.

న్యూయార్కు రాష్ట్రం సంగతే చూడండి. ఇల్లు భార్యాభర్తలుగా ఇద్దరి పేరా కొంటే, ఒకరు పోయాక రెండోవారిదే అవుతుంది. భర్త ఒక్కడి పేరనే ఉంటే, పిల్లలున్న ఇల్లాలికి అతని ఆస్తిలో మొదటి 50,000 డాలర్లు, మిగిలినదాంట్లో సగం మాత్రమే వస్తాయి. తక్కిన సగం పిల్లలది. వాళ్ళు మైనర్లయితే, పెద్ద మొత్తాల్లోంచి కన్నతల్లి ఖర్చుపెట్టాలన్నా కోర్టును అడగాలి. అతని తల్లికి ఏమీ రాదు.

అదే పెద్దమనిషి హైదరాబాదులో స్వార్జితంతో ఒక స్థలం కొన్నాడనుకోండి. భూమి ఎక్కడుంటే అక్కడి చట్టమే. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి, నలుగురికీ తలా పావు వంతు. స్థలం అమ్మాలంటే అత్తగారి సంతకం కావాలి, మైనరు పిల్లల వాటాకు అక్కడి కోర్టు అనుమతి కావాలి. అత్తగారు దేవతే కావచ్చు. ఆవిడ వీలునామా రాయకుండా పోతే ఆ పావు వంతుకు మరుదులూ ఆడపడుచులూ కూడా వారసులే.

అందుచేత అక్కడి ఆస్తికి అక్కడి వకీలు చేత, ఇక్కడిదానికి ఇక్కడి లాయరు చేత రాయించుకోవడం మేలు. రెండుచోట్లా ఇద్దరు సాక్షులుండాలి. ఒక్క చిక్కుంది. "ఇంతకు మునుపు రాసిన వీలునామాలన్నీ రద్దు" అన్న వాక్యం ఈ కాగితాల్లో మామూలుగా ఉంటుంది. సెలవుల్లో ఇండియా వెళ్ళి స్థలానికి వీలునామా రాసి, తిరిగొచ్చి ఇక్కడ ఆ వాక్యంతో ఇంకొకటి సంతకం చేస్తే మొదటిది ఎగిరిపోవచ్చు. ఏ కాగితం ఏ దేశపు ఆస్తికో రెండింట్లోనూ స్పష్టంగా రాయించండి.

ఇన్సూరెన్సు డబ్బు వీలునామాకు లొంగదు. బ్రహ్మచారిగా ఉన్నప్పుడు తీసుకున్న పాలసీలో తమ్ముడి పేరుంటే, ఈ రాష్ట్రంలో పెళ్ళయినంత మాత్రాన ఆ పేరు మారదు. వీలునామాలో భార్య పేరు ఎంత పెద్ద అక్షరాలతో రాసినా డబ్బు తమ్ముడిదే.

ఇక పిల్లలు. తల్లిదండ్రులిద్దరూ ఒకే ప్రమాదంలో పోతే వాళ్ళను ఎవరు పెంచాలో కోర్టు నిర్ణయిస్తుంది. వీలునామాలో పేరుంటే ఆ పేరుకు విలువ ఇస్తుంది. ఆస్తికంటే ఇక్కడే చాలా ఇళ్ళలో మాట తెగదు, ఆవిడ అక్కగారా, ఆయన తమ్ముడా అని. చెరొక పేరూ రాశారో, తగవు జడ్జిగారి ముందుకు వెళుతుంది. వీలునామాలు వేరువేరుగా ఉండాలి గాని ఈ పేరు ఒకటే ఉండాలి. ఆ మనిషి విజయవాడలో ఉంటే వీసా వచ్చి విమానమెక్కేదాకా పిల్లలెక్కడుంటారు? ఈ ఊళ్ళోనే ఒక కుటుంబాన్ని అందుకు అనుకోండి, వాళ్ళను ముందే అడగండి, కాగితాలు ఏ బీరువాలో ఉన్నాయో చెప్పి ఉంచండి.