సలాలా వాన వెనుక చల్లని సముద్రం

జూలైలో మస్కట్‌లో ఎండ 40 డిగ్రీలు దాటుతుండగా, సుమారు 1,000 కిలోమీటర్ల దూరాన సలాలాలో సన్నని తుంపర కురుస్తూ ఉంటుంది. ఒకే దేశంలో ఇంత వ్యత్యాసమెందుకు?

మన ఆంధ్రదేశానికి వానలు తెచ్చే నైరుతి పవనాలే ఇందుకు కారణం. అవి దోఫార్ తీరం వెంబడి వీస్తుండగా, భూభ్రమణ ప్రభావం వల్ల పైనున్న వెచ్చని నీరు నడిసముద్రం వైపు తొలగుతుంది. అడుగునుండి చల్లని నీరు పైకుబుకుతుంది. దానిని తాకిన తేమగాలి చల్లబడుతుంది. పైనున్న వేడి ఎడారిగాలి మూతవలె అడ్డగించగా, ఆ తేమ పొగమంచై కొండలను చుట్టుకుంటుంది. ఇదే ‘ఖరీఫ్’. మన రైతులు పలికే ఖరీఫ్ కూడా ఈ అరబ్బీ మాటే.

ఈ కాలం జూన్ మూడవ వారం నుండి సెప్టెంబరు మూడవ వారం వరకు. పచ్చదనం చూడదలచినవారు ఆగస్టును ఎంచుకొని, వసతిని ముందే కుదుర్చుకోవాలి. కారులో వెళ్ళేవారికి ఆదం దాటిన తరువాత ఎడారే. పెట్రోలు, త్రాగునీరు సమృద్ధిగా ఉంచుకోవాలి. తుమ్రైత్ దాటి కొండ దిగుట పగటివేళనే మంచిది. పొగమంచులో లైట్లను క్రిందికి దించి నడపండి. పైకెత్తిన కాంతి నీటిబిందువులపై చెదరి తిరిగి మన కళ్ళనే కమ్ముతుంది.

చల్లదనమిచ్చే గాలే సముద్రాన్ని ఉప్పొంగిస్తుంది. కనుక ఈ కాలంలో స్నానాలకు దిగరాదు. ముగ్సైల్ రాళ్ళ అంచులకు పిల్లలను పోనీయరాదు.