పెండ్లి క్యాసెట్‌ను ఫైల్‌గా మార్చడం ఎలా? ఇంకొక్కసారే ప్లే అవుతుందనుకుని మొదలుపెట్టండి

వికారాబాద్ జిల్లా దౌల్తాబాద్ నుంచి మాట్లాడుతున్నాను. ఈ ఎపిసోడ్‌లో టాపిక్ నల్లటి వీడియో క్యాసెట్లు. మన ఫోన్లలో మన ఫొటోలు వేలల్లో ఉంటాయి. మరి మీ అమ్మానాన్నల పెండ్లి వీడియో ఎక్కడుంది? చాలా ఇండ్లలో దానికి జవాబు ఒక్కటే. బీరువా మీదనో, సందూకలోనో, చీరల కింద ఒక వీహెచ్ఎస్ క్యాసెట్. అదొక్కటే కాపీ. దాన్ని కంప్యూటర్‌తో ఫైల్‌గా ఎలా మార్చాలో ఈరోజు వరుసగా చెప్తాను.

అందరూ ఫస్ట్ అడిగేది "అన్నా, ఏ కేబుల్ కొనాలి?" అని. కేబుల్ సంగతి తర్వాత. ముందు ఒకటి మనసులో పెట్టుకోండి: మీ క్యాసెట్ ఇంకొక్కసారే ప్లే అవుతుంది. నిజంగా పదిసార్లు ప్లే అవ్వొచ్చు, మంచిదే. కానీ ఒక్కసారే అనుకుంటే ఏ పని ముందు, ఏది తర్వాత అన్నది మీకే తెలిసిపోతుంది.

ఎందుకింత తొందర?

వీహెచ్ఎస్ 1976లో జపాన్‌లో మొదలైంది, జేవీసీ కంపెనీది. మన దగ్గర 1982లో కలర్ టీవీ వచ్చాక వీసీఆర్లు, వీసీపీలు పెరిగాయి. డెక్కు, టీవీ కిరాయికి తెచ్చి రాత్రంతా మూడు నాలుగు సినిమాలు చూసిన ముచ్చట మీ ఇంట్లో పెద్దవాళ్లను అడిగితే చెప్తారు. ఆ తర్వాత పెండ్లిళ్లకు వీడియో తీయించడం అలవాటైంది.

క్యాసెట్ లోపల అరంగుళం వెడల్పు ప్లాస్టిక్ టేపు ఉంటుంది. దానిమీద అయస్కాంత గుణమున్న సన్నటి పూత. బొమ్మంతా ఆ పూతలోనే ఉంది. వీసీఆర్‌లో ఒక డ్రమ్ము నిమిషానికి 1500 సార్లు తిరుగుతూ, తన హెడ్లతో ఆ పూతను రాసుకుంటూ బొమ్మను చదువుతుంది. అంటే ప్లే చేసిన ప్రతిసారీ ఎంతో కొంత అరుగుదల ఉంటుంది. ప్లే చేయకుండా దాచినా వేడికి, తేమకు పూత పట్టు వదులుతుంది. మన వైపు ఎండాకాలం బండల కప్పు కింద అటక ఎలా కాలుతుందో మీకు తెలుసు. ఆ వెంటనే వానాకాలం తేమ. క్యాసెట్‌కు ఇంతకన్నా చెడ్డ చోటు లేదు.

ఇంకో సమస్య మిషన్లు. జపాన్‌కు చెందిన ఫునాయ్ కంపెనీ 2016 జూలైలో వీసీఆర్ల తయారీ ఆపేసింది. అప్పటికి వాటిని చేస్తున్న చివరి పెద్ద కంపెనీ అదే. ఆస్ట్రేలియా జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ అయితే టేపుల మీద ఉన్నదాన్ని 2025 లోపు మార్చుకోకపోతే చాలావరకు పోయినట్టేనని ముందే హెచ్చరించింది. టేపులు పాడవడం ఒక కారణం. నడిచే మిషన్, దాన్ని రిపేర్ చేసే మనిషి దొరకకపోవడం ఇంకో కారణం. పెద్ద సంస్థలకే ఈ బాధ తప్పలేదు. చంద్రుడి మీద మనిషి దిగిన అపోలో 11 ప్రసారపు అసలు టెలిమెట్రీ టేపులను నాసా తర్వాత చెరిపేసి వేరే పనికి వాడుకున్నట్టు 2009లో తేలింది.

ముందు క్యాసెట్‌ను చూడండి

క్యాసెట్‌ను వెలుతురులో పట్టుకుని, పైన పారదర్శకంగా ఉన్న కిటికీలోంచి టేపు చుట్టను చూడండి. నున్నగా, నల్లగా మెరిస్తే మంచిది. తెల్లటి పొడిలాగా, మచ్చల్లాగా కనిపిస్తే అది బూజు. అలాంటి క్యాసెట్‌ను వీసీఆర్‌లో పెట్టకండి. బూజు హెడ్లకు అంటుకుంటుంది, తర్వాత పెట్టే మంచి క్యాసెట్లకూ పాకుతుంది. దాన్ని వేరే కవర్లో, సిలికా జెల్ పొట్లంతో కలిపి పక్కన పెట్టి, టేపులు శుభ్రం చేయడం వచ్చినవాళ్లకే ఇవ్వండి. ముట్టుకునేటప్పుడు మాస్క్ పెట్టుకోండి.

తర్వాత క్యాసెట్ వెనక అంచున ఎడమవైపు చిన్న ప్లాస్టిక్ పలక ఉందా చూడండి. ఉంటే విరిచేయండి. అది లేకపోతే వీసీఆర్ ఆ క్యాసెట్ మీద రికార్డ్ చేయలేదు. పొరపాటున రికార్డ్ బటన్ నొక్కినా పెండ్లి చెరిగిపోదు.

చిన్న సైజు క్యాసెట్ అయితే పేరు చదవండి. హై8 అయితే దానికి సరిపోయే క్యామ్‌కార్డర్ కావాలి. మినీ డీవీ అయితే అందులో ఉన్నది ముందే డిజిటల్. దాన్ని ఫైర్‌వైర్ కేబుల్‌తో ఉన్నది ఉన్నట్టు కంప్యూటర్‌లోకి దించాలి. నేను కింద చెప్పే పసుపు పిన్ను పద్ధతిలో తీస్తే క్వాలిటీ ఊరికే పోతుంది.

ఇంట్లో అదే పెండ్లిది సీడీ ఉందని క్యాసెట్‌ను పారేయకండి. అప్పట్లో స్టూడియోలు ఇచ్చింది ఎక్కువగా వీసీడీ. దాంట్లో బొమ్మ సైజు 352×288 మాత్రమే. క్యాసెట్ నుంచి మనం 720×576లో తీసుకుంటాం. తేడా ముఖాల్లో కనిపిస్తుంది.

కావలసిన సామాను

నడిచే వీసీఆర్ లేదా వీసీపీ ఒకటి కావాలి. బంధువుల ఇండ్లలో అడగండి. తాండూరు, కొడంగల్ లాంటి చోట్ల పాత ఫొటో స్టూడియోల వాళ్లను అడగండి, మూలకు ఒకటి పడి ఉండొచ్చు. హైదరాబాద్‌లో అయితే ఎర్రగడ్డ ఆదివారం సంత, కోఠి గుజరాతీ గల్లీ తిరిగి చూడండి. కొనేముందు మీ వెంట ఒక పాత సినిమా క్యాసెట్ తీసుకెళ్లి అక్కడే ప్లే చేయించుకోండి.

రెండోది యూఎస్‌బీ క్యాప్చర్ డివైస్. ఒకవైపు పసుపు, తెలుపు, ఎరుపు పిన్నులు, ఇంకోవైపు యూఎస్‌బీ. పసుపుది బొమ్మ, తెలుపు ఎరుపులవి సౌండ్. మూడోది ల్యాప్‌టాప్ లేదా డెస్క్‌టాప్.

"టీవీలో ప్లే చేసి ఫోన్‌తో షూట్ చేస్తే అయిపోదా?" అని అడుగుతారు. బొమ్మ మినుకుమినుకుమంటుంది, తెర మీద ట్యూబ్‌లైట్ మెరుస్తుంది, సౌండ్‌లో గదిలోని ఫ్యాన్ మోత కలుస్తుంది. క్యాసెట్ ఆ ఒక్కసారే ప్లే అయితే మీకు మిగిలేది అదే. అందుకే వద్దు.

మన వైపు బండల పాలిషింగ్ దుమ్ము ఎక్కువ. చాలా రోజులు మూలన పడున్న వీసీఆర్‌కు ముందు హెడ్ క్లీనింగ్ చేయించండి. మీరే చేస్తే ప్లగ్ తీసేయండి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన మెత్తటి కాగితాన్ని డ్రమ్ముకు ఆనించి కదలకుండా పట్టుకుని, రెండో చేత్తో డ్రమ్మును మెల్లగా తిప్పండి. పైకీ కిందకీ రుద్దితే హెడ్లు విరుగుతాయి. చెవిలో పెట్టుకునే దూది పుల్లలు వాడకండి, పోగులు ఇరుక్కుంటాయి.

సెట్టింగులు: పాల్ పెట్టడం మర్చిపోవద్దు

క్యాసెట్ల కాలంలో మన దేశంలో టీవీ పద్ధతి పాల్. అమెరికాది ఎన్‌టీఎస్‌సీ. చాలా డివైస్‌లు పెట్టెలోంచి తీయగానే ఎన్‌టీఎస్‌సీలో ఉంటాయి. అలాగే వదిలేస్తే బొమ్మ నల్లతెలుపులో వస్తుంది, లేదా కిందికీ మీదికీ దొర్లుతుంది. మా బంధువుల్లో ఒకరికి ఒక షాపులో పెండ్లి వీడియోను ఇలాగే నల్లతెలుపులో చేసి, "క్యాసెట్టే రంగు పోయింది" అని చెప్పి ఇచ్చారు. క్యాసెట్ బాగానే ఉంది. సెట్టింగ్ పాల్‌కు మార్చగానే ఎర్రటి పట్టుచీర ఎర్రగా వచ్చింది.

ఉచితంగా దొరికే ఓబీఎస్ స్టూడియో చాలు. అందులో వీడియో క్యాప్చర్ డివైస్ యాడ్ చేసి, స్టాండర్డ్ పాల్ బీ, రిజల్యూషన్ 720×576 పెట్టండి. కాన్వాస్‌ను 768×576, 50 ఫ్రేములు పెట్టి బొమ్మను దానికి సరిపోయేలా సాగదీయండి, అప్పుడు ముఖాలు సన్నబడవు. సోర్స్ మీద రైట్ క్లిక్ చేసి డీఇంటర్లేసింగ్‌లో యాడిఫ్ 2ఎక్స్ ఎంచుకోండి. పాత వీడియోలో ఒక్కో ఫ్రేమ్ రెండు సగాలుగా ఉంటుంది. దీన్ని పెట్టకపోతే చేతులు కదిలినప్పుడు దువ్వెన పళ్లలాగా గీతలు వస్తాయి.

బిట్‌రేట్ 10 ఎంబీపీఎస్ పెడితే గంటకు సుమారు 4.5 జీబీ అవుతుంది. ఇంకా నాణ్యంగా దాచాలంటే వర్చువల్‌డబ్ 2లో హఫ్‌వైయూవీ అనే లాస్‌లెస్ పద్ధతి ఉంది. దానికి గంటకు సుమారు 30 జీబీ పడుతుంది. హార్డ్ డిస్క్‌లో జాగా ఉంటే అదే మేలు. 4కేలో తీయాలని ఆశపడకండి. వీహెచ్ఎస్‌లో ఉన్న వివరం సుమారు 240 గీతలంత మాత్రమే, సైజు పెంచితే ఫైల్ బరువే పెరుగుతుంది.

ఫైల్ ఫార్మాట్ ఎంకేవీ పెట్టండి, ఎంపీ4 కాదు. మధ్యలో కరెంటు పోతే ఎంపీ4 ఫైల్ మొత్తం తెరుచుకోకుండా పోవచ్చు. ఎంకేవీలో అప్పటిదాకా వచ్చింది మిగులుతుంది. తర్వాత ఓబీఎస్‌లోనే రీమక్స్ ఆప్షన్‌తో నిమిషంలో ఎంపీ4 చేసుకోవచ్చు.

ఇప్పుడు ప్లే బటన్

ఫస్ట్ పాత సినిమా క్యాసెట్‌తో పది నిమిషాలు రికార్డ్ చేయండి. రంగు వచ్చిందా, సౌండ్ రెండు చెవుల్లో వస్తోందా, పెదవులకు మాటకు కలుస్తోందా చూడండి. పాత వీసీపీల్లో సౌండ్ ఒక్క పిన్నే ఉంటుంది. అప్పుడు ఓబీఎస్ ఆడియో సెట్టింగ్స్‌లో మోనో టిక్ చేయండి. అన్నీ సరిగ్గా ఉన్నాకనే పెండ్లి క్యాసెట్ పెట్టండి.

పెట్టాక దాన్ని చివరిదాకా ఫార్వర్డ్ చేసి, మళ్లీ మొదటికి రివైండ్ చేయండి. ఏళ్ల తరబడి ఒకేలా ఉన్న చుట్ట సర్దుకుంటుంది. కీచుమని శబ్దం వచ్చినా, టేపు అతుక్కుంటున్నట్టు ఆగి ఆగి నడిచినా వెంటనే ఆపి బయటికి తీయండి. బాగుంటే ముందు ఓబీఎస్‌లో రికార్డ్ నొక్కి, ఆ తర్వాతే వీసీఆర్‌లో ప్లే నొక్కండి. "ఒకసారి చూసి తర్వాత రికార్డ్ చేద్దాం" అనుకోవద్దు. ఆ చూసే సారే చివరిది కావొచ్చు.

గీతలు వస్తే ట్రాకింగ్ బటన్‌తో సరిచేయండి. మూడు గంటల క్యాసెట్‌కు మూడు గంటలు పడుతుంది, షార్ట్‌కట్ లేదు. ల్యాప్‌టాప్‌లో వేరే పనులు చేయకండి, ఫ్రేములు జారిపోయి సౌండ్ వెనకబడుతుంది.

ఒక విషయం చాలామందికి తెలియదు. ఎడిట్ చేసిన పెండ్లి క్యాసెట్లలో అసలు సౌండ్ తీసేసి సినిమా పాటలు వేస్తారు. ఎదుర్కోళ్ల నుంచి అప్పగింతల దాకా పాటలే, మనుషుల మాట వినపడదు. కానీ కొన్ని ఇండ్లలో ఎడిట్ కాని క్యాసెట్ కూడా ఉంటుంది, పేరు కూడా రాసి ఉండదు. మా మేనమామ పెండ్లిది అలాంటిదే ఒకటి దొరికింది. అందులో వంటల దగ్గర మా అమ్మమ్మ ఎవరినో "బువ్వ తిన్నవా బిడ్డా" అని అడుగుతుంది. ఆమె గొంతు మా దగ్గర ఇంకెక్కడా లేదు. కాబట్టి పేరు లేని క్యాసెట్లను ఖాళీవి అనుకోకండి. అన్నీ తీయండి.

షాపుకే ఇస్తామంటే మూడు అడగండి. పాల్‌లోనే తీస్తారా? ఫైల్‌ను పూర్తి సైజులో నా హార్డ్ డిస్క్‌లోకి ఇస్తారా? నా క్యాసెట్ నాకు తిరిగి ఇస్తారా? మూడింటికీ అవునంటేనే ఇవ్వండి.

తీశాక

ఏఐ యాప్‌లో వేసి క్లియర్ చేయాలని మీకు అనిపిస్తుంది. చేసుకోండి, కానీ కాపీ మీద చేయండి. మసకగా ఉన్న ముఖంలో లేని కన్ను, లేని ముక్కు ఏఐ తన అంచనాతో గీస్తుంది. చూడటానికి బాగుంటుంది, కానీ అది మీ తాతయ్య ముఖం కాకపోవచ్చు. అసలు ఫైల్‌ను ముట్టకండి.

కాపీలు మూడు ఉండాలి. ఒకటి కంప్యూటర్‌లో, ఒకటి విడి హార్డ్ డిస్క్‌లో, ఒకటి వేరే ఊళ్లో ఉన్న అక్క దగ్గరనో, క్లౌడ్‌లోనో. పెన్‌డ్రైవ్ ఒక్కదాన్నే నమ్మకండి. అది ఎఫ్ఏటీ32లో ఉంటే 4 జీబీ దాటిన ఫైల్ ఎక్కదు కూడా. వాట్సాప్‌లో వీడియోగా పంపితే నొక్కేస్తుంది, డాక్యుమెంట్‌గా పంపండి. యూట్యూబ్‌లో ప్రైవేట్‌గా పెట్టినా ఆ సినిమా పాటల వల్ల కాపీరైట్ క్లెయిమ్ రావచ్చు. అందుకే యూట్యూబ్‌ను మీ ఏకైక కాపీ చేసుకోకండి. క్యాసెట్‌ను కూడా పారేయకుండా అటక మీది నుంచి దించి, నిలువుగా, చల్లటి చోట పెట్టండి.

చివరగా ఒక పని, దీనికి కంప్యూటర్ అవసరం లేదు. ఫైల్‌ను టీవీలో పెట్టి, ఇంట్లో పెద్దవాళ్లను పక్కన కూర్చోబెట్టండి. తలంబ్రాల దగ్గర నిలబడ్డ ఆ పచ్చ చీర ఆమె ఎవరు? బరాత్‌లో ఆడుతున్న ఆ పిల్లగాడు ఎవరు? వాళ్లు చెప్తుంటే ఫోన్‌లో వాయిస్ రికార్డ్ చేయండి. తర్వాత ఏ నిమిషంలో ఎవరున్నారో ఒక నోట్‌లో రాసి, ఫైల్ పక్కనే అదే పేరుతో పెట్టండి. ఆ పేర్లు టేపులో లేవు, చెప్పగలిగిన మనుషుల దగ్గరే ఉన్నాయి. వచ్చే పండుగకు ఇంటికి వెళ్లినప్పుడు వీసీఆర్ దొరికినా దొరకకపోయినా, క్యాసెట్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి కిటికీలోంచి బూజు ఉందా చూసి రండి. అంతవరకైనా చేయండి. మళ్లీ కలుద్దాం, ఉంటాను.